దండము పనిచేయని వేళ

పాఠ్యభాగము: 2 రాజులు 4:18–37

షూనేమీయురాలి కుమారుని వృత్తాంతము మన సండే స్కూలు పిల్లలందరికిని తెలిసినదే. కోతగాండ్ర యొద్దకు పోయిన బిడ్డకు తలనొప్పి వచ్చుటయు, తల్లి ఒడిలో మధ్యాహ్నము వరకు ఉండి కన్ను మూయుటయు, ఆ తల్లి గాడిదనెక్కి కర్మెలు కొండకు పోవుటయు, తుదకు బిడ్డ ఏడు మారులు తుమ్మి కన్నులు తెరచుటయు మనము ఎన్నియో పర్యాయములు విని యున్నాము. అయితే ఈ కథ నడుమ రెండు చిన్న సంగతులు కలవు. సంతోషకరమైన ముగింపు కొరకు త్వరపడుచు మనము వాటిని దాటిపోవుచుందుము. ఆ స్త్రీ వచ్చి పాదములు పట్టుకొన్నప్పుడు, ఈమె దుఃఖమేమో తనకు తెలియదనియు, దేవుడు దానిని తనకు మరుగుచేసెననియు ఎలీషా ఒప్పుకొనుట మొదటిది. గేహజీ ముందుగా పరుగెత్తి పోయి, యజమానుడు చెప్పినట్టే దండమును బిడ్డ ముఖము మీద పెట్టినను ఏ శబ్దమును రాకపోగా, తిరిగి వచ్చి బిడ్డ మేలుకొనలేదని చెప్పుట రెండవది.

గేహజీ పేరు వినగానే నయమాను వెండియు, ఆ పిమ్మట తగిలిన కుష్ఠమును మనకు జ్ఞాపకము వచ్చును. అది తరువాతి అధ్యాయపు సంగతి. ఈ అధ్యాయములో ఆయన చేసినది నమ్మకమైన సేవకుని పనియే. చెప్పినది చెప్పినట్టు చేసెను, అది పనిచేయలేదు, పనిచేయలేదని చెప్పెను. ఇతరుల బాధను మాన్పుట వృత్తిగా గలవారు, అనగా వైద్యులు, నర్సులు, మనస్సు చెదిరినవారితో మాటలాడు కౌన్సిలర్లు, మాబోటి పాదిరులు, ఈ మూడవ పని చేయుటకే మిక్కిలి జంకుదురు. బాగుచేయవలసినవాడు బాగుచేయలేక పోయిన వేళ అతని మనస్సులో ఏమి జరుగును? ఆ చేతకానితనము దోషమా, లేక ఆ వృత్తిలోనే ఒక భాగమా? ఈ ప్రశ్నను మనము ఈ నెల విచారించుదము.

హైదరాబాదులో సుల్తాన్ బజార్ వీధులు మీలో అనేకులకు తెలిసియే యుండును. పాత రెసిడెన్సీ భవనము ప్రక్కనే పెరిగిన పేట అది. ఆ భవనములో 1949 నుండి స్త్రీల విద్యాసంస్థ నడచుచున్నది. అచ్చటి ప్రసూతి ఆసుపత్రికి మన పల్లెల నుండి ఎందరో తల్లులు పోయి బిడ్డలతో తిరిగి వచ్చినారు. అంతకు ముందు కాలమున అచ్చట రెసిడెన్సీ ఆసుపత్రి ఉండెను. ఎడ్వర్డు లారీ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగాను పనిచేయుచుండెను. ఆయన పేరు లోకమంతట వినబడినది క్లోరోఫారము మూలముననే.

క్లోరోఫారము వాసన చూపించి రోగిని నిద్రపుచ్చి కోత కోయు పద్ధతి 1847లో ఎడింబరోలో మొదలాయెను. మరుసటి సంవత్సరము జనవరిలోనే ఇంగ్లండులో 15 ఏండ్ల బాలిక ఒకతె, కాలి గోరు తీయుటకై ఆ మందు ఇయ్యగా, నిమిషములలో చనిపోయెను. అప్పటి నుండి వైద్యులలో ఒక వివాదము పుట్టెను. ఇట్టి మరణము ఊపిరి ఆగుటచేత వచ్చుచున్నదా, గుండె ఆగుటచేత వచ్చుచున్నదా? లారీ దొరగారు ఎడింబరోలో సైమ్ అను గొప్ప సర్జను శిష్యుడు. నాడిని పట్టుకొని కూర్చుండవద్దు, ఊపిరిని కనిపెట్టుడని ఆ గురువు బోధించెను. శిష్యుడు దానిని సిద్ధాంతము చేసెను. ఊపిరిని సరిగా కనిపెట్టినయెడల క్లోరోఫారముచేత ఎవరును చావరని ఆయన నమ్మకము. దానిని స్థాపించుటకు 1888లో ఒక కమీషనును, 1889లో రెండవ కమీషనును కూర్చెను. రెండవదానికి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను వెయ్యి పౌనుల ధనమిచ్చెను. లండను నగరపు ‘లాన్సెట్’ వైద్య పత్రిక లాడర్ బ్రంటన్ అను శాస్త్రజ్ఞుని పంపెను. 400కు పైగా జంతువుల మీద పరీక్షలు జరిపి, ప్రతిసారియు ఊపిరియే ముందు ఆగుచున్నదని వారు ప్రకటించిరి. సందేహముతో వచ్చిన బ్రంటను దొర సయితము ఒప్పుకొనెను.

ఆ బోధవలన మేలు కలుగలేదని మేము చెప్పము. రోగి ఊపిరిని క్షణక్షణము కనిపెట్టుమనుట మంచి మాటయే, నేటికిని మంచి మాటయే. కాని 1911లో లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు, ఆ మందు కొద్దిగా ఇచ్చిన స్థితిలోనే గుండె ఉన్నట్టుండి వణకి ఆగిపోవుట కద్దని పిల్లుల మీద పరీక్షించి చూపెను. అనగా ఎంత జాగ్రత్తగా ఊపిరిని చూచుచున్నను, చూచువాని చేతిలో లేని మరణమొకటి అందులో ఉండెనన్నమాట. తరువాతి కాలములో ఆ మందు శస్త్రశాలలలోనుండి క్రమముగా తొలగిపోయెను.

ఇందులో ధర్మ విషయకమైన సంగతి యొకటి మాకు కనబడుచున్నది. ‘సరిగా చేసిన ఎవరును చావరు’ అను మాట వినుటకు ధైర్యకరముగా నుండును. దానిని తిరుగవేసి చూడుడి: ‘ఎవరైన చచ్చిరా, నీవు సరిగా చేయలేదు.’ మందు గుడ్డ పట్టుకొని రోగి తలయొద్ద నిలిచిన మనిషి మీద ఈ రెండవ మాట పడును. లారీ దొర పాఠశాలలో 1885లో చేరి 1889లో ‘హకీము’ పట్టము పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ స్త్రీ, లోకములో మత్తుమందు ఇచ్చు వృత్తి చేసిన మొదటి స్త్రీ వైద్యురాలని చెప్పుదురు. రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోను ఆమె ఎన్నో ఏండ్లు ఆ పని చేసెను. ఆమె మనస్సులో ఏమి గడచెనో మనకు తెలుపు వ్రాత ఏదియు మేము చూచి యుండలేదు. అయినను అట్టి బోధ క్రింద పనిచేయు ఏ మనిషికైనను, కన్నులయెదుట రోగి పోయిన దినమున, తన్ను తాను నిందించుకొనుట తప్ప వేరొక దారి దొరకదు. గురువు తన బలహీనతను ఒప్పుకొననియెడల ఆ బరువు శిష్యుని భుజము మీదికి దిగును.

ఇప్పుడు శరీరమును విడిచి మనస్సు సంగతికి వచ్చెదము. సుల్తాన్ బజార్ నుండి కాచిగూడ మీదుగా నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ చేరుట ఎంతో దూరము కాదు. నేడు ఆ పేటలు పరీక్షల పేటలు. పల్లె నుండి వచ్చిన పిల్లలు ఒక గదిలో నలుగురైదుగురు చేరి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పొద్దుననే చోటు పట్టుకొని, గ్రూపు పరీక్షలకు ఏండ్ల తరబడి చదువుచున్నారు. మా సంఘపు పిల్లలును వారిలో నున్నారు. తండ్రి ఎకరము అమ్మి పంపిన డబ్బు అది. 2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పొక్కినందున 2023 మార్చిలో రద్దాయెను. 2023 జూనులో మరల జరిపిరి. దానిని ఆ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసెను. 2024 జూనులో మూడవ మారు వ్రాసిరి. ఆ పిల్లల వయస్సు మాత్రము ఏ రద్దునకును ఆగలేదు.

ఇట్టి పిల్లలతో కూర్చుండి మాటలాడుటయే పనిగా గల ఒక యువతిని మేమెరుగుదుము. ఆమె మా ప్రాంతపు సంఘములోనే పెరిగి, మనస్తత్వ శాస్త్రము చదివి, నగరములో కౌన్సిలరుగా నున్నది. బడిపిల్లల కొరకు పాత పుస్తకములు కొనుటకు మేము కోఠీ పోయినప్పుడు ఆమెను చూచితిమి. సుల్తాన్ బజార్ మూలనున్న ఇరానీ హోటలులో టీ త్రాగుచు, మీ పని ఎట్లున్నదమ్మా అని అడిగితిమి. ఆమె కొంత సేపు గ్లాసును త్రిప్పుచు ఊరకుండి, “అయ్యగారూ, నా దగ్గరకు వచ్చే పిల్లవాని జబ్బు మనస్సులో ఉంటే నేనేదో చేయగలను. వాని జబ్బు నోటిఫికేషనులో ఉన్నది. నేను ఉద్యోగము ఇవ్వలేను గదా,” అనెను.

ఈ మాట మమ్మును ఆలోచింపజేసినది. వైద్యునికి కలుగు చేతకానితనము ఒకే విధమైనది కాదు. మందున్నది గాని తనకు తెలియదు, అది ఒకటి; చదివి నేర్చుకొనవచ్చును. మందు ఏనాటికిని లేదు, అది వేరొకటి. మందు ఉన్నది గాని అది తన సంచిలో లేదు, ప్రభుత్వపు సంచిలోనో తండ్రి సంచిలోనో ఉన్నది. ఈ మూడవది మిక్కిలి తినివేయును. ఏడ్చు పిల్లవాని ఊపిరిని నెమ్మదిపరచి, నిద్ర పట్టు ఉపాయము చెప్పి పంపినప్పుడు, అన్యాయమునకు జోలపాట పాడుచున్నానా అని ఆమెకు అనుమానము వచ్చునట. ఆ అనుమానము మంచిదని మేమనుకొందుము. అది లేని కౌన్సిలరు కంటె అది ఉన్న కౌన్సిలరు మేలు. అయినను నిద్ర పట్టుటయు ఒక మేలే. ఏలీయా చచ్చిపోగోరి చెట్టు క్రింద పడుకొన్నప్పుడు దూత అహాబు ప్రభుత్వమును గూర్చి మాటలాడలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19).

ఆమె దగ్గరకు వచ్చుచుండిన వారిలో ఒకరు, ఇక రాకుండ పోయిరి. ఆ మరణమును గూర్చి ఇంతకంటె వ్రాయుట తగదు. ఆ తరువాత రాత్రులలో ఆమె ఆ చివరి మాటల నోటు పుస్తకమును తెరచి, ఎక్కడ తప్పినదో వెదకుచు ఎన్ని మారులు చదివెనో ఆమెకే తెలియదు. ఇది ఆమె ఒక్కదాని అనుభవము కాదు. 1988లో అమెరికాలో అచ్చయిన పరిశోధనలలో, విచారింపబడిన మనోవైద్యులలో సుమారు సగము మందియు, మనస్తత్వ నిపుణులలో అయిదింట ఒక వంతుకు పైగాను, తమ చికిత్సలో నున్న వారిని ఇట్లు పోగొట్టుకొనిరని తేలెను. మందు నేర్చినవారు అనేకులు మోయుచున్న భారమిది. ఒకరితో నొకరు చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు, అంతే. ఇక మన దేశములో లక్షమంది ప్రజలకు ఒక మనోవైద్యుడైనను పూర్తిగా లేడు. ఒక్కరి ముందర వరుసలో నిలిచినవారెందరో లెక్కించుకొనుడి.

ఆమె చెప్పిన మరియొక సంగతి వినుడి. ఆమె సొంత తమ్ముడు త్రాగుడులో పడియున్నాడు. “ఊళ్లో వాళ్లందరి పిల్లలకు చెప్తావు, నీ తమ్ముడికి చెప్పలేవా?” అని తల్లి అడుగునట. ఇంట గెలిచి రచ్చ గెలువుమని చుట్టములు సామెత చెప్పుదురట. సామెతలు చెప్పువారికి ఇంకొక సామెత జ్ఞాపకము రాలేదు కాబోలు: పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదు. తమ్ముని కన్నులకు ఆమె కౌన్సిలరు కాదు. చిన్నప్పుడు బలపము కొరకు జగడమాడిన అక్క. నజరేతులో ప్రభువుకే ఈ అడ్డు వచ్చెను. మార్కు సువార్త ఆరవ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. ఆయన అక్కడ కొందరు రోగుల మీద చేతులుంచుట తప్ప అద్భుతమేదియు చేయజాలకపోయెనని మార్కు దాచక వ్రాసెను. చేయలేదనుట సులువు, చేయజాలకపోయెనని వ్రాయుటకు ధైర్యము కావలెను.

మనస్సు వైద్యమునకు పునాదులు వేసిన ఫ్రాయిడు అను వియన్నా వైద్యుడు మన మతమును ఒప్పుకొనినవాడు కాడు. అయినను ఆయన బ్రతుకులోని ఒక సంగతి ఇచ్చట చెప్పదగినది. 1920 జనవరిలో ఆయన కుమార్తె సోఫీ హాంబుర్గు నగరములో ఇన్‌ఫ్లుయెంజా జ్వరముతో చనిపోయెను. యుద్ధానంతర దినములు, రైళ్లు లేక తండ్రి పోలేకపోయెను. మూడేండ్ల తరువాత ఆమె చిన్న కుమారుడును, నాలుగేండ్లవాడు, క్షయతో పోయెను. ఆ మనుమని తరువాత తన సంతోషము తిరిగి రాలేదని ఆ వైద్యుడు ఒప్పుకొనెను. దుఃఖమును గూర్చి అంతకు ముందే గ్రంథము వ్రాసినవాడాయన! పరిపాలన, విద్య, మనస్సు వైద్యము, ఈ మూడును ఫలితము చాలదని ముందే తెలిసిన వృత్తులని 1937లో, తన ముసలితనములో వ్రాసెను. మేము ఆ జాబితాలో నాలుగవదిగా మా పాదిరి పనిని చేర్చుదుము.

ఇప్పుడు ఒక ఆక్షేపణ వచ్చును. చేతకానితనమును ఇంతగా గౌరవించినయెడల అది సోమరికి దుప్పటి కాదా? ‘నా చేతిలో ఏమున్నది’ అని ఆసుపత్రి వరండాలో కాళ్లు చాచుకొను వారిని మనము చూడలేదా? చూచితిమి. ఆక్షేపణ న్యాయమైనదే. అయితే గేహజీని మరల చూడుడి. ఆయన పరుగెత్తెను, దారిలో ఎవరిని పలుకరింపక పోయెను, దండము పెట్టెను, ఆ తరువాతనే పనిచేయలేదనెను. పరుగెత్తక మునుపు చెప్పు ‘నావల్ల కాదు’ వేరు. పరుగెత్తి వచ్చి చెప్పునది వేరు. రెండును ఒకే మాట, గాని మొదటిది రోగిని విడిచిపెట్టును, రెండవది రోగికి ఇంకొకరిని తెచ్చును. గేహజీ సిగ్గుపడి దారి తప్పించుకొని పోయినయెడల, లేక బిడ్డ కదిలినట్టున్నదని అబద్ధమాడినయెడల, ఎలీషా త్వరపడి వచ్చునా?

ఈ వృత్తిలోనివారు తమలో పెద్దవారి యొద్దకు పోయి తమ కేసులను చెప్పుకొను అలవాటు ఒకటి కలదు. దానికి సూపర్‌విజనని పేరు. మా అమ్మాయి ఆ మరణము తరువాత అట్లే పోయినది. ఆ పెద్దామె తప్పు లేదనియు అనలేదట, తప్పున్నదనియు అనలేదట. ఆ నోటు పుస్తకమును ఆమెతో కలిసి మొదటి నుండి చదివినది. ఒక చోట, ఇంటివారిని ముందే పిలిచి యుండవలసినదని ఇద్దరికిని తోచినది. ఇక మీదట అట్లు చేయుచున్నది. మిగిలిన పుటలలో ఏమియు దొరకలేదు. దొరకని ఆ పుటలే మోయుటకు కష్టమని ఆమె చెప్పెను.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద కూర్చుండి మౌనముగా నున్నంత కాలము మంచి వైద్యులే. ఎనిమిదవ నాడు ఆ మౌనము వారికి భరింపరానిదాయెను. ఏమియు చేయలేకయుండుట కంటె రోగిలో తప్పు పట్టుట సులువు గనుక ఎలీఫజు నోరు తెరచెను. ఈ ఎలీఫజులు మన సంఘములలోను ఉన్నారు. మనస్సు క్రుంగినవానితో నీకు విశ్వాసము చాలదనువారు, ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానివేయుమనువారు వీరే. స్పష్టముగా చెప్పుచున్నాము: ఆ మాటలచేత ప్రాణములు పోవును. తమ ప్రార్థనకు ఫలితము కనబడనప్పుడు కలిగిన భయమును రోగి మీదికి నెట్టుటయే అది. లారీ దొర సిద్ధాంతము వంటిదే, బైబిలు చేతపట్టుకొనినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగా ఎంచి, శిక్షింపక ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. సంఘ పెద్దలు చట్టము కంటె కఠినులు కానక్కరలేదు. మీ ఇంటిలో ఎవరైన అట్లు క్రుంగియున్నయెడల, టెలి-మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నెంబరుకు పగలైనను రాత్రియైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ఆ నెంబరు మందిరపు గోడ మీద వ్రాయించుడి.

ఎలీషా సంగతి ముగించలేదు. దండము పంపి ఊరకుండక ఆయనే వచ్చి, తలుపు మూసి ప్రార్థించి, బిడ్డ మీద తన శరీరమును చాచెను. మొదటి మారు బిడ్డ ఒళ్లు వెచ్చబడెను గాని కన్ను తెరువలేదు. అప్పుడాయన లేచి ఆ ఇంటిలో ఇటు అటు నడచెనని వ్రాయబడియున్నది. ఆ నడక ఎందుకో గ్రంథము చెప్పదు. ఆపరేషను గది బయట నడచిన ప్రతి తండ్రికిని, లోపలి నుండి వచ్చి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న డాక్టరుకును ఆ నడక తెలియును. అంత గొప్ప ప్రవక్త తుదకు తానే ఒక రోగము తగిలి, దానిచేతనే చనిపోయెను (2 రాజులు 13:14). ఆయన మీద ఎవరును చాచుకొనలేదు.

పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలను రోగుల మీద వేసిన వారు బాగుపడిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఆ పౌలే ముసలితనమున చెరసాల నుండి తిమోతికి వ్రాయుచు, తన తోడి ప్రయాణికుడు త్రోఫిమును రోగియై యుండగా మిలేతులో విడిచి వచ్చితినని ఒక్క వాక్యములో చెప్పెను. ఎందుకు విడిచెనో చెప్పలేదు, తన్ను సమర్థించుకొనలేదు, త్రోఫిము విశ్వాసమును శంకింపలేదు. అతడు బాగుపడెనో లేదో ఆ పత్రిక తెలుపదు. ఆ వెంటనే, చలికాలము రాకమునుపే బయలుదేరి రమ్మని తిమోతిని బ్రతిమాలుకొనెను.